బీచ్ రోడ్డులో సింగిల్ కాస్క్ స్కాచ్ టేస్టింగ్: ఏది ముందు, ఏది చివర? నీళ్ళు కలపాలా?

ఎంవీపీ_కుర్రాడు:
అందరికీ నమస్తే అండీ. మా ఇంజినీరింగ్ బ్యాచ్ నలుగురం వచ్చే శనివారం కలుస్తున్నాం, బీచ్ రోడ్డు వైపు ఒక హోటల్ బార్‌లో సింగిల్ కాస్క్ (ఒకే పీపాలోంచి తీసిన) స్కాచ్‌లు నాలుగు తెరిచి ఉన్నాయట, మేనేజర్ మావాడికి బాగా తెలుసు, ఒక్కోటి 15 ఎంఎల్ చొప్పున పోయిస్తా అన్నాడు. స్కాట్లండ్‌లో స్పేసైడ్ ప్రాంతంవి మూడు: 12 ఏళ్ళది బర్బన్ (అమెరికా విస్కీ) ఉంచిన పీపా, ఆల్కహాల్ 46 శాతం, 18 ఏళ్ళది రీఫిల్ హాగ్స్‌హెడ్ (ఇంతకుముందే విస్కీకి వాడిన పెద్ద పీపా) 54, 21 ఏళ్ళది షెర్రీ (స్పెయిన్ వైన్) పీపా 56. ఇంకోటి ఐలా దీవిది, పీట్ (తవ్వి ఎండబెట్టి కాల్చే బురదమట్టి) పొగ వాసన ఉండేది, 10 ఏళ్ళది, 58 శాతం. మేం ఇన్నాళ్ళూ తాగింది సోడా ఐసు వేసుకుని మామూలు బ్లెండెడే. మావాడొకడు నాలుక ఫ్రెష్‌గా ఉన్నప్పుడే 21 ఏళ్ళది తాగెయ్యాలి, అదే బెస్టు కదా అంటున్నాడు. నిజమేనా? నీళ్ళు కలపొచ్చా? స్టఫ్ ఏం చెప్పుకోవాలి? కాస్త తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

వాల్తేరు_అప్‌ల్యాండ్స్:
తమ్ముడూ, 21 ఏళ్ళదాంతో మాత్రం మొదలెట్టకండి. షెర్రీ పీపాది బరువుగా ఉంటుంది, ఎండుద్రాక్ష, ఖర్జూరం, కాఫీ లాంటి రుచులు నోట్లో అలాగే ఉండిపోతాయి, దాని తర్వాత 12 ఏళ్ళది తాగితే పల్చగా ఏమీ లేనట్టు అనిపిస్తుంది, పాపం దాని తప్పేం ఉండదు. మీరు రాసిన వరసే కరెక్టు, 12, 18, 21, ఆఖర్న ఐలా. పీట్ పొగ ఒకసారి నోట్లోకి వచ్చిందంటే ఆ రాత్రికి ఇంక సున్నితమైనవేవీ తెలియవు, అందుకే వయసులో చిన్నదైనా దాన్ని చివర్నే పెట్టండి.

గ్లాసు సంగతి ముందే మాట్లాడుకోండి. వెడల్పు గ్లాసుల్లో పోస్తే వాసనంతా గాల్లో పోతుంది, పైకి సన్నబడే గ్లెన్‌కెర్న్ గ్లాసులు ఉన్నాయేమో అడగండి, లేకపోతే చిన్న వైన్ గ్లాసు అయినా సరిపోతుంది. ముక్కు గ్లాసులోకి దూర్చేయకుండా అంచుకి కాస్త పైన పెట్టి, నోరు కొంచెం తెరిచి పీల్చండి, లేదంటే 54, 56 శాతం స్పిరిట్‌కి ముక్కు మండిపోయి ఇంకేం తెలీదు. మొదటి గుటక చాలా చిన్నది, అది నోటిని అలవాటు చేయడానికే, రుచి తెలిసేది రెండో గుటకలో.

పాతపోస్టాఫీసు_బాబాయ్:
బాబూ, 21 పెద్ద నంబరు కాబట్టి అదే బెస్టు అనుకోవడం దగ్గరే అందరూ ఆగిపోతారు, కొంచెం వివరంగా చెప్తాను. మామూలు సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీది, కానీ ఎన్నో పీపాలు కలిపి ఎప్పుడూ ఒకే రుచి వచ్చేలా చేస్తారు. సింగిల్ కాస్క్ అంటే ఒకే ఒక్క పీపా, దాంట్లో ఏముంటే అదే సీసాలోకి, ఆ పీపా అయిపోతే ఇంక ఆ రుచి లోకంలో ఎక్కడా దొరకదు. నాకు దీని మీద ఇంత ప్రేమ ఉండటానికి కారణం అదే. స్కాట్లండ్‌లో ఏటా రెండు శాతం దాకా ఆవిరై పోతుంది, ఏంజెల్స్ షేర్ అంటారు. హాగ్స్‌హెడ్ దగ్గర దగ్గర 250 లీటర్లు, 18 ఏళ్ళకి లెక్కేసుకోండి, 175 లీటర్ల లోపే మిగుల్తుంది, అంటే 700 ఎంఎల్ సీసాలు సుమారు 250. మీ గ్లాసులో పడేది ఆ 250లో ఒకదాంట్లోది.

ఇంక వయసు. ఒకసారి కాచేసిన టీ పొడితో మళ్ళీ కాస్తే ఎలా ఉంటుందో రీఫిల్ పీపా అలా, చెక్క తన రుచిని నెమ్మదిగా కొద్దికొద్దిగా ఇస్తుంది, అందుకే దాంట్లో 18 ఏళ్ళున్నా డిస్టిలరీ అసలు రుచి బతికుంటుంది. అదే కొత్తగా షెర్రీ దించిన పీపాలో ఎక్కువ కాలం ఉంచితే చెక్క మొత్తం మింగేసి వగరు, చేదు వచ్చే ప్రమాదం ఉంది. మన బెంగళూరు ఎండకి అమృత్ వాళ్ళ పీపాల్లో ఏటా 10 శాతం పైనే ఆవిరైపోతుంది, అందుకే అక్కడ నాలుగైదేళ్ళకే ముదిరిపోతుంది. ఏళ్ళ నంబరు ఒక్కటే చూస్తే ఏం తెలుస్తుంది చెప్పండి. నా పందెం మీ 18 ఏళ్ళదాని మీదే.

లేబుల్ కూడా తప్పకుండా చూడండి: ఎప్పుడు కాచారు, ఎప్పుడు సీసాకెత్తారు, పీపా నంబరు, మొత్తం ఎన్ని సీసాలు, ఇవన్నీ మామూలుగా రాసుంటాయి. డిస్టిలరీ పేరు కాకుండా గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్, కేడెన్‌హెడ్ లాంటి పేరు పెద్దగా కనిపిస్తే కంగారు పడకండి, వాళ్ళు వేరే డిస్టిలరీల విస్కీని తమ పేరుతో సీసాల్లో నింపేవాళ్ళు, గోర్డన్ వాళ్ళు 1895 నుంచీ స్కాట్లండ్‌లో ఎల్గిన్ ఊళ్ళో ఉన్నారు.

రుషికొండ_గాలి:
స్టఫ్ గురించి ఎవరూ సెప్పలేదేటి. అపోలో ఫిష్, రొయ్యల వేపుడు అన్నీ తర్వాత సెప్పుకోండి గురూ, టేస్టింగ్ అయ్యేదాకా కారం, నిమ్మకాయ ముట్టుకోవద్దు. ఉప్పు లేని పలాస జీడిపప్పు, ఉత్త బ్రెడ్డు, మంచినీళ్ళు, అంతే సాలు. మధ్యాహ్నం కడుపు నిండా తినే ఎల్లండి. సెంటు కొట్టుకుని ఎల్లొద్దు, పక్కోడికి కూడా వాసన తెలీదు. సీసా ఎప్పుడు తెరిచారో, ఎంత మిగిలుందో సూడండి, అడుక్కొచ్చేసిన సీసా నెలల తరబడి అలాగే ఉంటే గాలి తగిలి సప్పబడిపోతాది. రేటు ముందే రాయించుకోండి, బండ్లు ఇంట్లో పెట్టి క్యాబ్‌లో ఎల్లండి.

ఎంవీపీ_కుర్రాడు:
చాలా థాంక్స్ అందరికీ, బాబాయ్ గారు చెప్పింది మావాళ్ళ గ్రూపులో కూడా పెట్టేశా. నీళ్ళ సంగతి ఒక్కటి మిగిలిపోయింది. నీళ్ళు కలిపితే అంత ఖరీదైన మందు పాడు చేసినట్టే అంటున్నాడు మా సింగపూర్ వాడు.

వాల్తేరు_అప్‌ల్యాండ్స్:
పాడవదు తమ్ముడూ. ముందు ఉత్తిది వాసన చూసి ఒక గుటక, తర్వాత స్ట్రాతో రెండు మూడు చుక్కలు మామూలు నీళ్ళు, ఐసు నీళ్ళు కాదు. 2017లో స్వీడన్ సైంటిస్టులిద్దరు కంప్యూటర్ మీద లెక్కలు వేసి చూశారు, పొగ వాసనిచ్చే గ్వయకాల్ అనే పదార్థం ఉంది, 45 శాతం లోపు మిశ్రమంలో అది పైపొరకి చేరుతుంది, 59 దాటితే ఆల్కహాల్ చుట్టూ చేరిపోయి లోపలే ఉండిపోతుంది. మీ ఐలాది 58 కదా, దానికి చుక్కలు పడాల్సిందే. నీళ్ళు పడగానే మబ్బుగా కనిపిస్తే కల్తీ అనుకోకండి, చల్లార్చి వడకట్టకుండా వదిలేసిన నూనెలు అవి, మంచి లక్షణమే.

ఎంవీపీ_కుర్రాడు:
వెళ్ళొచ్చాం అండీ! గ్లాసులు వైన్‌వే దొరికాయి, వరస మీరు చెప్పినట్టే. 21 ఏళ్ళది రంగు చూసే మావాళ్ళు సగం పడిపోయారు, గంధం చెక్క రంగు, మొదటి గుటక బెల్లం ఖర్జూరం, కానీ మింగాక నాలుక వెనకాల వగరు పట్టేసింది, నీళ్ళు వేసినా పోలేదు. 18 ఏళ్ళది ఎండుగడ్డి రంగులో ఏమీ లేనట్టుంది, రెండు చుక్కలు పడ్డాక మాత్రం పండిన జామకాయ, తేనెమైనం, చివర్లో కొంచెం ఉప్పగా, గ్లాసు ఖాళీ అయ్యాక కూడా వాసన చూస్తూనే ఉన్నాం నలుగురం. నలుగుర్లో ముగ్గురి ఓటు దానికే, సింగపూర్ వాడొక్కడే ఐలా. ఈసారి ఒకే డిస్టిలరీవి రెండు వేరే పీపాలు పక్కపక్కన పెట్టి చూడాలనుంది, అలాంటివి వైజాగ్‌లో ఎవరి దగ్గరైనా తెరిచి ఉంటే ఇక్కడ రాయండి.