ఆర్ఎన్ఏ పనికి కొత్త ట్యూబులు ఆటోక్లేవ్ చేయాలా?

అనంత శనగచేను: వేరుశనగలో కాండం కుళ్లు వైరస్ చూడాలి. 2000లో మన అనంతపురం జిల్లాను ముంచిన తెగులే. అది ఆర్ఎన్ఏ వైరస్. కొత్త ట్యూబుల సంచి మీద ‘ఆర్ఎన్ఏజ్ లేదు’ (ఆర్ఎన్ఏను ముక్కలు చేసే ఎంజైమ్ లేదని) అని ఉంది, ‘స్టెరైల్’ అని లేదు. ఆటోక్లేవ్‌లో (ఆవిరి ప్రెషర్‌తో సూక్ష్మజీవుల్ని చంపే పాత్ర) పెట్టాలా?

కర్నూలు టెక్నీషియన్: పెట్టాల్సిందే. 121 డిగ్రీలు, 15 పౌండ్ల ప్రెషర్, 20 నిమిషాలు. పెట్టకుండా మా బెంచి మీదికి ఒక్కటీ రాదు.

కడప రీసెర్చ్: వద్దన్నా. ఆటోక్లేవ్‌తో సూక్ష్మజీవులు చస్తాయి, ఆర్ఎన్ఏజ్-ఏ పూర్తిగా పోదు. దానికి నాలుగు డైసల్ఫైడ్ బంధాలు, గట్టిగా పట్టి ఉంచే గంధకపు ముడులు. వేడికి విచ్చుకున్నా చల్లారాక మళ్లీ ముడుచుకుని పనిచేస్తుంది. ఈ ట్యూబుల పాలీప్రొపిలీన్‌ను 200 డిగ్రీలు దాటిన వేడిలో అచ్చు పోస్తారు. ఆర్ఎన్ఏజ్ అంటుకునేది ఆ తర్వాత, ఎక్కువగా మన చేతుల నుంచే. ఆటోక్లేవ్ కోసం సంచి విప్పి, బీకరులో పోసి, రేకు చుట్టేలోగా ఎన్ని చేతులు పడతాయి?

గుత్తి రోడ్డు: మూతలు బిగించి పెట్టొద్దు, వంకరపోతాయి.

కర్నూలు టెక్నీషియన్: మరి బ్యాక్టీరియా కల్చర్‌కు? అట్లే వాడేదా?

కడప రీసెర్చ్: కల్చర్ సంగతి ఎవరడిగారు? దానికి ఆటోక్లేవ్ కావాలి, కాదనలేదు. ప్రశ్న చదివి రాయండి.

కర్నూలు టెక్నీషియన్: చదివినా తమ్ముడూ. పోయినేడాది జెల్ మీద ఆర్ఎన్ఏ బ్యాండ్లు రాలేదు, అంతా కిందికి మసకగా జారింది, అంటే ఆర్ఎన్ఏ ముక్కలైపోయింది. గ్లవ్స్ లేకుండా సంచిలో చెయ్యి పెట్టినోళ్లను ఎవరూ అడగలేదు. ‘ఆటోక్లేవ్ సరిగా చేయలేదు’ అని నా పేరు రాసినారు. అప్పటి నుంచి నల్లగీతలు పడిన ఆటోక్లేవ్ టేపు ప్రతిదీ రిజిస్టర్లో అంటిస్తాండా.

కడప రీసెర్చ్: ఆ టేపు వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది. దాన్ని చూసి పిల్లలు గ్లవ్స్ మానేస్తున్నారు. నా కోపం అదే.

కర్నూలు టెక్నీషియన్: మానేసింది వాళ్లు, మాట పడేది నేను.

కడప రీసెర్చ్: మీ మీద వేసింది అన్యాయమన్నా. ఆటోక్లేవ్ ఎంత బాగా చేసినా ఆ ఆర్ఎన్ఏజ్ పోయేది కాదు. సంచి విప్పిన రోజే రెండు మూడు ట్యూబుల్లో మంచి ఆర్ఎన్ఏ పోసి 37 డిగ్రీల్లో గంట ఉంచండి. పక్కన ఫ్రీజర్లో దాచిన అదే ఆర్ఎన్ఏతో కలిపి జెల్ మీద నడపండి. రెండూ ఒకేలా కనిపిస్తే ట్యూబుల్లో ఆర్ఎన్ఏజ్ లేనట్టే. ఆ ఫొటో రిజిస్టర్లో అంటించండి.

కర్నూలు టెక్నీషియన్: దాని కింద సార్ సంతకం పెడితే ఆర్ఎన్ఏ ట్యూబులు ఆటోక్లేవ్‌లో పెట్టను. సంతకం పెట్టకపోతే టేపు మానను.