రూటర్ కొనాలా, ఉన్న సర్వర్‌నే రూటర్‌గా వాడాలా?

గోదారిగట్టు:
చిన్న పట్టణంలో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇస్తున్నాం. ఇద్దరు ప్రొవైడర్ల నుంచి బీజీపీ పూర్తి పట్టిక (ఇంటర్నెట్‌లోని అన్ని నెట్‌వర్క్‌లకూ దారులు చెప్పే జాబితా) తీసుకోవాలనుకుంటున్నాం. సాయంత్రం రద్దీ సెకనుకు 3 గిగాబిట్లు. కొత్త రూటర్ ధర వింటే గుండె గుభేలుమంది. ఖాళీగా ఉన్న సర్వర్‌లో లినక్స్, బర్డ్ అనే రూటింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే సరిపోదా?

లెక్కలమాస్టారు:
సరిపోదండి. మీరు గిగాబిట్లు చెబుతున్నారు, యంత్రానికి భారం ప్యాకెట్లతో, అంటే డేటా ముక్కల లెక్కతో. 10 గిగాబిట్ల లైను నిండా 64 బైట్ల ప్యాకెట్లే వస్తే సెకనుకు 1.488 కోట్లు, అంటే ఒక్కోదానికి 67 నానోసెకన్లు. ర్యామ్‌లో ఒక్కసారి వెతికి రావడానికే అంత పట్టవచ్చు. రూటర్‌లోని చిప్ ఆ పని కోసమే తయారైంది. మామూలు రోజుల్లో ఇన్ని చిన్న ప్యాకెట్లు రావు, నిజమే. మీ చందాదారు ఒకరిపై డీడాస్ దాడి (ఎన్నో యంత్రాల నుంచి ఒకేసారి రద్దీ కుమ్మరించడం) జరిగిన రాత్రి అవే వస్తాయి.

పాతసర్వర్:
మాస్టారూ, డీపీడీకే (ప్యాకెట్లను వేగంగా నడిపే సాఫ్ట్‌వేర్) వాడితే ప్యాకెట్లను గుంపులుగా తీసుకుంటారు, ఆ ఆలస్యం చాలావరకు కలిసిపోతుంది. మీ చిప్‌కూ ఒక గండం ఉంది: మార్గాలు దాచుకునే టీక్యామ్ అనే మెమరీకి హద్దు. 2014 ఆగస్టు 12న ప్రపంచ ఐపీవీ4 పట్టిక 5 లక్షల పైచిలుకు మార్గాలకు చేరి పాత పెట్టెల హద్దైన 512కె గీత దాటగానే, సిస్కో 6500, 7600 రూటర్లు ఎన్నో చోట్ల తడబడ్డాయి. ఇప్పుడు ఆ పట్టిక దాదాపు రెట్టింపు. చవగ్గా దొరికే సెకండ్‌హ్యాండ్ రూటర్లలో చాలావాటికి అది పట్టదు. సర్వర్‌కైతే కొంచెం ర్యామ్ చాలు. అసలు 1969లో ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌ను నడిపిందే హనీవెల్ 516 మినీకంప్యూటర్లు!

నైట్‌డ్యూటీ:
రెండు లైన్లకు పూర్తి పట్టిక ఎందుకండి? డిఫాల్ట్ రూటు (పట్టికలో లేని గమ్యాలన్నిటికీ ఒకే దారి), దగ్గరి నెట్‌వర్క్‌ల మార్గాలు తీసుకోండి. అప్పుడు లేయర్ 3 స్విచ్చే (ఐపీ చిరునామా చూసి దారి చూపే స్విచ్) చిప్ వేగంతో పంపేస్తుంది. మీకు అసలు బరువు నాట్. ఒక్క పబ్లిక్ ఐపీని ఎన్నో ఇళ్లకు పంచాలంటే ప్రతి కనెక్షన్‌నూ గుర్తుపెట్టుకోవాలి. ఆ పని సర్వర్‌కు ఇవ్వండి, రూటింగ్ మాత్రం అందులో కలపకండి. సర్వర్లు రెండు ఉండాలి. ఒక్కటే ఉంటే, డిస్కు పోయిన అర్ధరాత్రి ఊరంతా మీకే ఫోన్ చేస్తుంది.

పాతసర్వర్:
నాట్ సంగతి ఒప్పుకుంటాను, డిఫాల్ట్ రూటు మాత్రం కాదు. మన లైను బాగానే ఉండి, ప్రొవైడర్‌కు అవతల ఎక్కడో దారి తెగితే డిఫాల్ట్ రూటుకు ఆ సంగతి తెలియదు. ప్యాకెట్లు అటే వెళ్లి మాయమవుతాయి.

గోదారిగట్టు:
ఇప్పుడే చూశాను: రద్దీ వేళ సెకనుకు 3.5 లక్షల ప్యాకెట్లు. నాట్ కూడా ఇదే సర్వర్‌పై పెట్టాలనుకున్నాను. ముందు దాన్ని విడదీస్తాను. పూర్తి పట్టిక విషయంలో మీరిద్దరూ ఒక మాట మీదికి వస్తే చెప్పండి.