కిటికీ గ్రిల్లుకూ నేల మీది తివాచీకీ ఒకే జాలీ నమూనా తగునా?

ప్రశ్న (హైదరాబాదు): మా హాలు కిటికీలకు వాలుగళ్ల గ్రిల్లు, భోజనాల గదికి అడ్డంగా ఎండీఎఫ్ (చెక్కపీచును అదిమి చేసిన పలక) జాలీ ఉన్నాయి. సోఫా ముందు కూడా జాలీ గళ్ల తివాచీయే పరచాలని మావారు, కంటికి భారమవుతుందని నేను వాదించుకుంటున్నాము. కారణాలతో చెప్పగలరు.

ఒకటవ సమాధానం: మీవారి మాటే సబబు. షాజహాను కాలపు తివాచీలలో జాలీ గళ్లు ఉన్నాయి, అదే కాలపు మహళ్లలో రాతి జాలీలూ ఉన్నాయి. రెండూ కలిసి ఉండటం కొత్త సంగతి కాదు.

రెండవ సమాధానం (హనుమకొండ): ఆ తివాచీలలో ప్రతి గడిలోనూ ఒక పువ్వు ఉంటుంది, కన్ను దానిపై నిలుస్తుంది, ఇప్పుడు దుకాణాలలో దొరికేవి చాలావరకు ఖాళీ గళ్లు. పైగా ఉదయపుటెండలో గ్రిల్లు నీడే నేలపై గళ్లు వేస్తుంది, దాని కింద దాదాపు అదే కొలత గళ్ల తివాచీ ఉంటే గీతలు ఒకదానిమీద ఒకటి పడి చిందరవందరగా కనిపిస్తాయి. అయినా గళ్లే వద్దనను, కొలత మార్చమంటాను: గ్రిల్లు గడి జానెడైతే తివాచీ గడి మూరెడు ఉండాలి.

తివాచీకి బదులు 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానా చూడండి. రంగురంగుల పేకతో (అడ్డదారాలతో) నమూనా నేసే జంపఖానాలో రెండు రంగులు నిలువు గీత వెంట కలిస్తే, పేక దారాలను ఒకదానితో ఒకటి మెలివేయకపోతే అక్కడ చీలిక మిగులుతుంది. ఏటవాలు గీతలో రంగు ఒక్కో పడుగు (నిలువు) దారం చొప్పున పక్కకు జరుగుతుంది కనుక ఆ చిక్కు రాదు. అందుకే నిలువు గళ్లకన్నా వాలుగళ్లు ఆ నేతకు సహజంగా అమరుతాయి. కొనేముందు అంచు మడిచి చూడండి: నేసిన గడి వెనకవైపూ కనిపిస్తుంది, అచ్చు వేసినది కనిపించదు.

మూడవ సమాధానం: రోజూ గుమ్మం ముందు మెలికల ముగ్గు వేస్తాము, అదీ జాలీ వంటిదే. ఏనాడైనా ఎవరి కంటికైనా భారమైందా?

రెండవ సమాధానమిచ్చినవారు: ముగ్గు మర్నాటికి కడిగేస్తాము, మరొకటి వేస్తాము; జంపఖానా ఏళ్ల తరబడి ఉంటుంది. అనుమానముంటే, మూరెడు గళ్లను సుద్దముక్కతో సోఫా ముందు గీసి, ఎండ పడే వేళ మీరిద్దరూ చూసి, ఆ తరువాతే డబ్బు ఖర్చుపెట్టండి.