చక్రం పైన పొక్కు గిల్లితే లోపల లప్పం బయటపడింది, ఇప్పుడేం చేయాలి?

పాతబండి_కొత్తఓనర్:

అందరికీ నమస్కారం. రెండు నెలల కింద 11 ఏళ్ల హ్యాచ్‌బ్యాక్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. "కంపెనీ పెయింటే సార్, ఒక్క చోట కూడా ముట్టుకోలేదు" అని అమ్మినాయన ఒట్టేసినంత పని చేశాడు. బండి కూడా అద్దంలా మెరిసిపోతోంది. 11 ఏళ్ల బండి అంతలా మెరుస్తుంటే అనుమానపడాలని నాకేం తెలుసు?

నిన్న కడుగుతుంటే వెనక కుడి చక్రం పైన, ఆర్చ్ అంచులో, చిటికెన వేలి గోరంత పొక్కు చేతికి తగిలింది. ఊరుకోవచ్చు కదా, గిల్లాను. చొక్కా గుండీ అంత పెచ్చు ఊడొచ్చింది. దాని వెనక బూడిదరంగు లప్పం, రెండు మూడు మిల్లీమీటర్ల మందం. లప్పం వెనక గోధుమరంగు పొడి. తుడిచేకొద్దీ రాలుతూనే ఉంది.

ఇంకో సంగతి. వాన పడిన మర్నాడు వెనక సీటు ముందు, అదే కుడివైపు, మ్యాట్ కింద చెమ్మగా ఉంటోంది. డోరు తీస్తే ముక్కిన వాసన. ఈ రెండూ ఒకటేనా?

ఒక పెయింటర్ "ఎమరీ కొట్టి లప్పం పెట్టి సాయంత్రానికి ఇచ్చేస్తా" అన్నాడు. ఇంకొకాయన "కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయాలి, వారం పడుతుంది" అన్నాడు. రాత్రంతా టెన్షన్. ఎవరి మాట వినాలి?

సుత్తీ_డాలీ:

గిల్లినందుకు బాధపడకండి, మంచి పనే చేశారు. 22 ఏళ్లు టింకరింగ్ చేశాను. మోకాళ్లు మొరాయిస్తే మానేశాను.

ముందు తుప్పు ఎటు నుంచి వచ్చిందో చూడాలి. రాయి తగిలి పెయింట్ లేచిన చోట తుప్పు బయటి నుంచి మొదలవుతుంది. మధ్యలో దెబ్బ కనిపిస్తుంది. అలాంటిదైతే ఎమరీ కొడితే మెరిసే రేకు తేలుతుంది, పని తేలిక. పెయింట్ ఎక్కడా చిట్లకుండా బుడగలా ఉబ్బిందంటే మాత్రం లోపలి నుంచి తింటోందని లెక్క. ఇనుము తుప్పుగా మారితే దానికి మునుపటికంటే కొన్ని రెట్లు చోటు కావాలి. ఆ చోటు కోసమే పెయింట్‌ని పైకి తోస్తుంది. మీకు బయట గోరంత కనిపించేసరికి వెనక అరచేయంత అయి ఉండొచ్చు.

ఆర్చ్ దగ్గరే ఎందుకంటే, బయటి రేకూ లోపలి రేకూ ఆ అంచులోనే కలిసి మడతపడతాయి. టైరు చిమ్మిన బురద మడత వెనక గట్టు కట్టుకుని కూర్చుంటుంది. పైన బండి ఆరిపోయినా అక్కడ రోజుల తరబడి తడే. చక్రం విప్పి ఆ బురద తీసేయండి. చేతికి గ్లౌజు ఉండాలి, తుప్పు రేకు బ్లేడులా కోస్తుంది.

తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో ఆర్చ్ పొడవునా తట్టుకుంటూ రండి. మంచి రేకు టంగుమంటుంది. లప్పం ఉన్నచోట మొద్దుగా పలుకుతుంది. ఆ హద్దు పెన్సిల్‌తో గీసుకోండి. ఇప్పుడు లోపలి వైపు నుంచి స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. దిగిందా, ఆ రేకు పోయినట్టే, వెల్డింగాయన చెప్పిందే నిజం. దిగకపోతే కోయకుండా బతికించవచ్చు. కానీ సాయంత్రానికి అవ్వదు.

ఆ సాయంత్రం పని నేనూ ఒకసారి చేశాను, కొత్తలో. డోరు కింది అంచు. ఓనరుకి తొందర, నాకూ తొందర. తుప్పు మీదే లప్పం పెట్టి రంగు కొట్టాను. డెలివరీ రోజు చూసుకుని నాకే ముచ్చటేసింది. లప్పం నీళ్లు పీలుస్తుందని అప్పటికి తెలియదు. ఒక్క వానాకాలం దాటాక ఆ లప్పం పలకలా ఊడి నా చేతికొచ్చింది. వెనకవైపంతా తుప్పు, అచ్చు గుద్దినట్టు డోరు అంచు ఆకారంలో. ఆ పలకని చాలా ఏళ్లు షెడ్డులో మేకుకి తగిలించి ఉంచాను, కొత్తగా చేరిన కుర్రాళ్లకి చూపించడానికి.

రేకు గట్టిగా ఉంటే మెరిసేదాకా 80 నంబరు ఎమరీ, పొడిగానే. వట్టి రేకు మీద నీళ్ల ఎమరీ పెడితే కాసేపటికే మళ్లీ ఎర్రబారుతుంది. తుడిచి అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ కొట్టాలి. మామూలు ప్రైమర్ నీటిని పూర్తిగా ఆపదు. లప్పం దాని మీద, పల్చగా. మిగతా రంగు, క్లియర్ కోట్ పని వాళ్లకి తెలిసిందే. అంతా అయ్యాక ఆర్చ్ లోపలి బోలులోకి క్యావిటీ వ్యాక్స్ కొట్టించండి, అంటే రేకుకి తడి తగలకుండా లోపల పట్టుకునే మైనం పూత. అడగకపోతే ఎవరూ కొట్టరు. వెల్డింగ్ చేసినా ఇది తప్పదు, వెల్డింగ్ వేడికి వెనకవైపు పూత మాడిపోతుంది కాబట్టి.

మ్యాట్ తడి వేరే రోగంలా ఉంది. ఆ బండికి ఎవరైనా స్పీకర్లు మార్చారా?

ఆదివారం_మెకానిక్:

ఇంత కథ అక్కర్లేదు బ్రదర్. రస్ట్ కన్వర్టర్ అని తుప్పుని గట్టి పొరగా మార్చే మందు ఉంటుంది, బ్రష్‌తో పూయండి, తుప్పు నల్లగా మారిపోతుంది. పైన స్ప్రే క్యాన్. నా బానెట్ అంచుకి చేసి రెండేళ్లయింది, చెక్కుచెదరలేదు.

సుత్తీ_డాలీ:

బానెట్ అంచుకి సరే, రెండు వైపులా మీ బ్రష్ చేరుతుంది. కన్వర్టర్ తనకి తగిలిన తుప్పునే మారుస్తుంది. ఆర్చ్ మడత మధ్యలోకి బ్రష్ ఎలా పోతుంది చెప్పండి? పైగా పొరలుగా లేచిన తుప్పు మీద పూస్తే పై పొర నల్లబడుతుంది, కింద దాని పని అది చేసుకుపోతుంది.

మైక్రాన్_మీటర్:

కొనేముందు బండ్లు చెక్ చేసిపెట్టడం నా పని. పెయింట్ మందం కొలిచే మీటర్‌తో బండి మొత్తం చూపించుకోండి. కంపెనీ పెయింట్ చాలా బండ్లలో 80 నుంచి 160 మైక్రాన్ల మధ్య ఉంటుంది (వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటర్). 300 చూపిస్తే మళ్లీ రంగు వేశారని అర్థం. 1000 దాటితే లప్పం ఖాయం. మీటర్ దొరక్కపోతే చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి జరపండి, పట్టు సడలిన చోట అనుమానించండి. బంపర్ మీద పెట్టి కంగారుపడకండి, అది ప్లాస్టిక్.

ఆర్చ్ కంటే నాకు భయం వేరే చోట్ల. జాకీ పెట్టే చోటు, డోరు కింద పొడవునా ఉండే రేకు దిమ్మె (సిల్), సీటు బెల్టు బోల్టు బిగించిన చోటు, సస్పెన్షన్ తగిలే చోటు. అక్కడ తుప్పు తేలినప్పుడు లప్పం మాట ఎత్తితే బండి వెనక్కి తెచ్చేసుకోండి. అక్కడ బరువు మోసేది రేకే. బండి కింద కొత్తగా నల్ల కోటింగ్ కొట్టి ఉన్నా వదలొద్దు. తుప్పు మీద కొడితే అది తడిని లోపలే పట్టి ఉంచుతుంది.

పాతబండి_కొత్తఓనర్:

స్పీకర్ల సంగతి ఎలా కనిపెట్టారు మాస్టారూ! వెనక డోర్ ప్యాడ్ విప్పాను, రెండు క్లిప్పులు విరిగాయి. లోపల అతికి ఉండాల్సిన ప్లాస్టిక్ షీట్‌ని స్పీకర్ కోసం గుండ్రంగా కోసి అలాగే వేలాడేశారు. మగ్గుతో అద్దం మీద నీళ్లు పోసి చూశాను. డోరు కింది కన్నాల్లోంచి బయటికి పోవాల్సిన నీళ్లు సగం ఆ చిరుగులోంచి లోపలికి కారుతున్నాయి. కన్నాలు రెండే, అందులో ఒకటి మట్టితో మూసుకుపోయింది. కార్పెట్ కింది స్పాంజి పిండితే నీళ్లొచ్చాయి. ఫ్లోర్ రేకు మాత్రం బాగుంది, రెండు చోట్ల పైపైన ఎరుపు. జాకీ చోటూ సిల్లూ గట్టిగానే ఉన్నాయి.

ఆర్చ్ మీద హద్దు గీస్తే జానెడు వచ్చింది. స్క్రూడ్రైవర్ రెండు చోట్ల దిగింది. ఒక చోట లప్పాన్ని తోసుకుని మొన బయటికే వచ్చేసింది. వెల్డింగాయన దగ్గరికే వెళ్తున్నాను. ఫోన్లో ఎపాక్సీ, వ్యాక్స్ రెండూ అడిగాను. వ్యాక్స్ అనగానే ఆయన గొంతు కొంచెం మారింది.

సుత్తీ_డాలీ:

వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ టెర్మినల్ తీయించండి. అటువైపు కార్పెట్, సీటు కూడా తీసేస్తే మేలు, నిప్పురవ్వలు ఎక్కడ పడతాయో చెప్పలేం. స్పాంజి పైన ఆరినా కింద తడి ఉంటుంది, తొందరపడి వేసేయకండి. డోరుకి కొత్త షీట్ కోసుకుని బ్యూటైల్ టేపుతో (జిగురు రబ్బరు టేపు) అతికించండి, సెల్లోటేప్ మొదటి వానకే ఊడుతుంది.

క్లిప్పులు అందరికీ విరుగుతాయి. నాకు 22 ఏళ్లూ విరిగాయి.