బడికి వెళ్లకముందే పాపకు తెలుగు చదవడం ఎలా నేర్పాలి?

ప్రశ్న: బెంగళూరు నుంచి ఒక తల్లి
మా పాపకు నాలుగేళ్లు నిండాయి. జూన్‌లో బడిలో వేస్తున్నాం. అక్కడ ఇంగ్లిషు, కన్నడం తప్ప తెలుగు ఉండదు. అందుకే ఇంట్లో గోడకు అక్షరాల పటం తగిలించాం. ‘అ అమ్మ, ఆ ఆవు’ అని గడగడా చెబుతుంది. అదే ‘ఆ’ను కాగితం మీద రాసి చూపిస్తే నోరు విప్పదు. యాభై ఆరూ వచ్చాకే మిగతావి అంటారు మా అత్తగారు. ఏ వరుసలో వెళ్లాలి? వీధిలో కన్నడ బోర్డులు చూసి తికమకపడుతుందా?

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి
అమ్మా, నా ఉద్యోగమంతా ఒకటో తరగతి గదిలోనే గడిచింది. మీ పాప చదువుతున్నది బొమ్మను. బొమ్మను అరచేత్తో మూసి అడిగి చూడండి, తెలిసిపోతుంది. పైగా ఆ పటాలు తయారుచేసేవాళ్లకు దణ్ణం పెట్టాలి. మొదటి మాట ‘అమ్మ’లోనే ఒత్తు, ‘ఇల్లు’లో ఒత్తుతో పాటు కొమ్ము!

పటాన్ని గోడకే ఉండనివ్వండి. త, ల, క, డ, జ, గ, ప చాలు మొదట. వీటితో తల, కల, జడ, పలక, గడప, తలగడ వస్తాయి. కడప ఊరి పేరు కూడా చదివేస్తుంది. ఒక్కో అట్టముక్క మీద ఒక్కో అక్షరం పెద్దగా రాసి నేల మీద పరచండి. ‘తల’లో త తీసి క పెట్టించండి. మీరు చెప్పకుండా ‘కల’ అన్నదంటే చదువు మొదలైనట్టే.

ప నేర్పిన వెంటనే వ చూపకండి. మ, య కూడా అంతే. ఒకటి గట్టిపడ్డాకే దాని జోడు. ఙ, ఞ, ఌ ఇప్పుడెందుకు చెప్పండి? తర్వాత దీర్ఘం: తాత, మామ, బావ, అందరూ ఇంట్లోవాళ్లే. ఆపైన సున్న: గంట, వంట, గంప. గుడి వచ్చాక కాకి, గాలి, చిలక. ఒత్తులు అన్నిటికన్నా చివర. బలపం ఇచ్చి దిద్దించే తొందర వద్దు, వేళ్లు ఇంకా లేతవి.

జవాబు: నిజామాబాద్ నుంచి మరో తల్లి
మాస్టారూ, వల్లె వేయించడం మాటే ఎత్తలేదు మీరు. మా బాబుకు గుణింతం పాటలా వచ్చు. ‘కొ’ తట్టకపోతే క దగ్గర నుంచి పాడుకుంటూ వచ్చి పట్టుకుంటాడు.

జవాబు: తెనాలి మాస్టారు
ఒప్పుకుంటానమ్మా. అయితే అక్షరాన్ని కంటితో పోల్చుకున్నాక పాడించండి. ముందే పాడిస్తే పాట నోటికి వస్తుంది, చూపు మాత్రం కిటికీ మీద ఉంటుంది.

జవాబు: బెంగళూరులో ఉంటున్న ఒక తండ్రి
కన్నడ బోర్డుల గురించి బెంగ వద్దు. గ, ర, న, వ రెండు లిపుల్లోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. బస్సులో వెళ్లేటప్పుడు మా అమ్మాయికి వాటిని వెతకడమే ఆట. క, త, శ మాత్రం బాగా వేరు. వాటిని తెలుగులో గట్టిపడేదాకా బోర్డుల మీద చూపించకండి.

ప్రశ్న వేసిన తల్లి
అట్టముక్కలు కోశాం. ‘జడ’ చదివి తన జడ పట్టుకుని చూపించింది! ‘పలక’ దగ్గర మాత్రం ప, ల, క అని విడివిడిగా అని ఆగిపోతోంది.

జవాబు: తెనాలి మాస్టారు
కొన్నాళ్లు రెండక్షరాల మాటలే ఇవ్వండి. మీ వేలు అక్షరాల కింద ఆగకుండా జరగాలి. మీరు ఒక్కో అక్షరం దగ్గర వేలు ఆపుతుంటే పాప కూడా అక్కడే ఆగుతుంది.