నడివయసులో, బలహీనమైన కాలుతో ఈత జట్టులో చేరవచ్చా? విశాఖ మిత్రుల సలహా కావాలి

ప్రశ్న: సీతమ్మధార వాసి

అందరికీ నమస్కారం. నా వయసు 46, బ్యాంకు ఉద్యోగిని. పసితనంలో పోలియో సోకడం వల్ల ఎడమ కాలు సన్నబడింది, క్యాలిపర్ (కాలికి కట్టుకునే ఊత పరికరం) లేకుండా నడవలేను. నిరుడు వేసవిలో పట్టుబట్టి ఈత నేర్చుకున్నాను. ఇప్పుడు 25 మీటర్ల కొలనులో ఈ గోడ నుంచి ఆ గోడ వరకు ఆగకుండా వెళ్ళగలను కానీ, అక్కడ గోడ పట్టుకుని రెండు నిమిషాలపాటు రొప్పుతాను. వయసుతోనూ, వేగంతోనూ, శరీర స్థితితోనూ నిమిత్తం లేకుండా పెద్దవాళ్ళందరినీ చేర్చుకునే జట్టు ఒకటి ఉదయం పూట సాధన చేస్తోందని, అందులో చేరమని సహోద్యోగిని ఒకరు చెబుతున్నారు. ఇంతకుముందు వేరే చోట అడిగితే, "మీలాంటివారికి ప్రత్యేక బ్యాచ్ పెట్టినప్పుడు కబురు చేస్తాం" అన్నారు. ఆ కబురు నేటికీ రాలేదు. నా వల్ల లేన్‌లో మిగతావారికి ఇబ్బంది కలుగుతుందేమోనన్నది మొదటి సంకోచం. దుస్తుల సంగతి రెండవది. ఇలాంటి జట్టులో సాధన ఎలా సాగుతుందో తెలిసినవారు వివరించగలరు.

జవాబు: ఎంవీపీ కాలనీ పెద్దాయన

అమ్మా, నాకు 63 ఏళ్ళు. ఉద్యోగ విరమణ తరువాతే జట్టులో చేరాను. అందరినీ చేర్చుకుంటామని బోర్డు మీద రాయడం తేలిక. అది నిజమో కాదో తెలియాలంటే, డబ్బు కట్టకముందే ఒక ఉదయం వెళ్ళి గట్టు మీద కూర్చుని, అన్నిటికంటే నెమ్మదిగా సాగే లేన్‌ను గమనించండి. కోచ్ ఆ లేన్ దగ్గరకు వచ్చి ఎంతసేపు నిలబడుతున్నారు, అక్కడివారి పేర్లు ఆయనకు తెలుసా, వేగంగా ఈదేవారి సంఖ్య పెరిగిన రోజున ముందుగా ఆ లేన్‌నే లాగేసుకుంటున్నారా అన్నవి చూస్తే చాలు.

ఇక ఇబ్బంది కలుగుతుందన్న భయం అక్కర్లేదు. ఒకే లేన్‌లో నలుగురైదుగురం ఒక పక్కగా వెళ్ళి, రెండో పక్కగా తిరిగి వస్తూ చుట్టు తిరుగుతాం. ఒకరు బయలుదేరిన అయిదు లేక పది సెకన్లకు మరొకరు బయలుదేరతారు. వెనకవారు మీ పాదాన్ని వేలితో తాకితే దారి అడుగుతున్నారని అర్థం. గోడ దగ్గరకు చేరాక మూలకు ఒదిగి వారిని పోనివ్వాలి, అంతే. మొదటి వారం నా పాదం తాకినప్పుడల్లా చేప కరిచినట్టు ఉలిక్కిపడేవాణ్ణి.

పోటీలంటే ఆసక్తి ఉంటే మరో మాట. అంతర్జాతీయ నియమాల ప్రకారం పెద్దల కోసం ఉండే మాస్టర్స్ విభాగం 25 ఏళ్ళకు మొదలై, అయిదేసి ఏళ్ళ వర్గాలుగా సాగుతుంది. రిలేలో నలుగురి వయసులను కూడి ఆ మొత్తాన్ని బట్టి వర్గం నిర్ణయిస్తారు. మొత్తం 200 నుంచి 239 వరకు ఒక వర్గం. నాలాంటివాడు, మీలాంటివారు ఇద్దరు, యాభై దాటినవారు ఒకరు కలిస్తే అందులోకి వస్తాం. అక్కడ నా వయసు బరువు కాదు, జమ! పైగా దిమ్మ మీద నుంచి దూకి తీరాలన్న నిర్బంధం లేదు, నీటిలోనే ఉండి గోడను తన్ని బయలుదేరవచ్చు.

జవాబు: ఫిజియోథెరపిస్ట్, గాజువాక

మేడమ్ గారూ, ఛాతీ లోతు నీటిలో నిలబడినప్పుడు కాళ్ళ మీద పడే భారం ఒంటి బరువులో సుమారు మూడోవంతుకు తగ్గిపోతుంది. నేల మీద నడిచేటప్పుడు మీ కుడి మోకాలు మోసే అదనపు భారానికి ఇదొక విశ్రాంతి. ఫ్రీస్టైల్‌లో (బోర్లా ఉండి చేతులు ఒకదాని తరువాత ఒకటి వేస్తూ ఈదే పద్ధతిలో) ముందుకు నడిపించే బలం ప్రధానంగా చేతులదే కనుక, తొడల మధ్య పుల్ బాయ్ (తేలికపాటి ఫోమ్ దిమ్మ) పెట్టుకుని ఈదితే కాళ్ళు పైకి తేలి ఉంటాయి, ఆయాసం కూడా తగ్గుతుంది. ఒక కాలే తన్నడం వల్ల శరీరం పక్కకు తిరిగే అవకాశం ఉంది. కొలను అడుగున ఉండే నల్లని గీత మీద చూపు నిలిపితే దానిని సరిదిద్దుకోవచ్చు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో (కప్ప ఈతలో) రెండు కాళ్ళూ ఒకేలా కదలాలి కాబట్టి దానిని తరువాతకు వాయిదా వేయండి. చేతుల మీదే ఆధారపడేవారికి భుజం నొప్పి త్వరగా వస్తుంది. నొప్పి మొదలైతే ఓర్చుకోకుండా ఆ రోజుకు ఆపేయండి. పోలియో వచ్చిన కండరాలకు అతిశ్రమ మేలు చేయదు. అలసట మరునాటికీ తగ్గకపోతే దూరం తగ్గించాలి. మూర్ఛ, ఆస్తమా, గుండె జబ్బు వంటివి ఉంటే కోచ్‌కు ముందే చెప్పాలి. మన ఊరి ఉక్కలో, నీటిలో ఉన్నా చెమట పడుతుంది, అది తెలియదు. గట్టు మీద మంచినీళ్ళ సీసా ఉంచుకోండి.

జవాబు: బీచ్ రోడ్డు బ్యాచ్

అక్కా, నేను ట్రాన్స్ మహిళను. దుస్తులు మార్చుకునే గది గురించి నాకంటే ఎక్కువగా ఆలోచించినవారు ఉండరేమో. తలుపు, లోపల గడియ, చిన్న బల్ల ఉన్న విడి గది ఉందా అని ముందే అడగండి. అది నాకు ఎంత అవసరమో, క్యాలిపర్ విప్పుకోవడానికి కూర్చోవలసిన మీకూ అంతే అవసరం. మోచేతుల వరకు, మడమల వరకు ఉండే నైలాన్ స్విమ్‌సూట్లు దొరుకుతాయి. నూలు బట్టలు మాత్రం వద్దు, నీళ్ళు పీల్చుకుని బరువెక్కుతాయి. మా జట్టు నెలలో చివరి శనివారాల్లో ఈత తరువాత ఇడ్లీల కోసం ఆగుతుంది. సగంమంది అందుకే వస్తారని నా అనుమానం.

సముద్రంలో సాధన అంటే మాత్రం తొందరపడకండి. ఆర్.కె. బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలు బాగా ఈత వచ్చినవారినీ ముంచాయి. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల గారు 52 ఏళ్ళ వయసులో విశాఖ నుంచి కాకినాడ వరకు 150 కిలోమీటర్లు ఈది 2025 జనవరిలో ముగించారు కానీ, ఆవిడ వెనుక ఏళ్ళ సాధన ఉంది, పక్కన పడవలు ఉన్నాయి.

సీతమ్మధార వాసి (మళ్ళీ)

అందరికీ కృతజ్ఞతలు. పెద్దాయన గారు చెప్పినట్టే ఈ రోజు వెళ్ళి గట్టు మీద కూర్చున్నాను. చివరి లేన్‌లో ముగ్గురు ఉన్నారు. కోచ్ ఆ గోడ దగ్గరే గొంతుక్కూర్చుని, ఒకావిడకు మోచెయ్యి ఎలా పైకెత్తాలో తన చేత్తో చూపిస్తున్నారు. నేను అడగకముందే ఒకాయన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, "క్యాలిపర్ విప్పాక ఇక్కడ పెట్టుకోండి, తడవదు" అన్నారు. గదికి గడియ ఉంది, బల్ల లేదు; ఆ కుర్చీనే లోపలికి తీసుకువెళతాను. సోమవారం నుంచి వస్తానని చెప్పాను.