యాంటీబాడీలను పట్టి శుద్ధిచేసే ప్రొటీన్ ఎ కాలమ్ నుంచి దిగిన అరగంటకే యాంటీబాడీ మసకబారుతోంది, ఏం మార్చాలి?

ఎలుక యాంటీబాడీని సీడీఆర్ గ్రాఫ్టింగ్‌తో (లక్ష్యాన్ని పట్టే ఎలుక లూపులను, అంటే సీడీఆర్‌లను, మానవ యాంటీబాడీ చట్రంలో అమర్చడం) మానవీకరించాను, 1986లో గ్రెగ్ వింటర్ బృందం చూపిన పద్ధతే. ఐజీజీ1, కప్పా లైట్ చైన్, సీహెచ్‌ఓ (చైనీస్ హామ్‌స్టర్ అండాశయ) కణాల్లో తయారీ. లక్ష్యానికి బాగానే అతుక్కుంటోంది, కేడీ (ఎంత తక్కువైతే అంత గట్టి పట్టు) 2 నానోమోలార్.

సమస్య ప్యూరిఫికేషన్ దగ్గర వస్తోంది. పీహెచ్ 3.0 గ్లైసిన్‌తో దించి, ట్రిస్‌తో వెంటనే తటస్థం చేస్తున్నా అరగంటలోపే ట్యూబ్ మసకబారుతోంది. వెలుతురుకు ఎత్తి చూస్తే సన్నటి దారప్పోగుల్లాంటివి తేలుతున్నాయి. ఎస్ఈసీలో (అణువుల సైజును బట్టి వేరుచేసే పరీక్ష) 18 శాతం అగ్రిగేట్, అంటే ముద్దకట్టిన ప్రొటీన్. అదే కాలమ్, అవే బఫర్లతో కైమెరిక్ రూపం (ఎలుక వేరియబుల్ భాగాలు యథాతథంగా, మిగతాది మానవ) 2 శాతం కూడా దాటలేదు. కాబట్టి లోపం నా మానవీకరణలోనే ఉందని గట్టిగా అనిపిస్తోంది.

చేసి చూసినవి: పీహెచ్ 3.6 సిట్రేట్‌కు మారితే అగ్రిగేట్ 11 శాతానికి తగ్గింది, కానీ సగం ప్రొటీన్ కాలమ్‌లోనే ఉండిపోయింది. అర మోలార్ ఆర్జినిన్ కలిపితే ఆ రోజుకి తేటగా ఉంది, డయాలసిస్‌లో ఆర్జినిన్ పోగానే మళ్లీ మొదటికొచ్చింది. హెవీ చైన్ 71, 73 స్థానాల్లో ఎలుక అవశేషాలు (అమైనో ఆమ్లాలు) తిరిగి పెట్టాను, తేడా లేదు. హెచ్3లో (హెవీ చైన్ మూడో సీడీఆర్) బయటికి పొడుచుకొచ్చిన ట్రిప్టోఫాన్‌ను అలనిన్ చేస్తే అగ్రిగేట్ తగ్గింది గానీ బైండింగ్ పూర్తిగా పోయింది. అది నన్ను బాగా టెన్షన్ పెట్టింది.

డీఎస్ఎఫ్‌లో (వేడిచేస్తూ ప్రొటీన్ ఎప్పుడు విప్పుకుంటుందో చూసే పరీక్ష) ఫ్యాబ్ (లక్ష్యాన్ని పట్టే చేయి) టీఎం, అంటే విప్పుకునే ఉష్ణోగ్రత, 63 డిగ్రీలు, కైమెరిక్‌కి 75.

ఇంత టీఎం తేడా ఉన్నప్పుడు ముందుగా లైట్ చైన్ ఫ్రేమ్‌వర్క్‌నే మార్చాలా, లేక వీహెచ్-వీఎల్ (హెవీ, లైట్ చైన్ల వేరియబుల్ భాగాలు) కలిసే చోట ఎలుక అవశేషాలు తిరిగి పెట్టాలా?